డిగ్రీ అయ్యాక డాక్టరు చదువు: యూకే గ్రాడ్యుయేట్ ఎంట్రీ మెడిసిన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

బీఫార్మసీ చదివి, యూకేలో ఆసుపత్రి ఫార్మసీలో కొన్నేళ్లు పని చేసి, రెండో ప్రయత్నంలో మెడిసిన్ సీటు తెచ్చుకున్నాను. అప్పటినుంచి ఆదివారం సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వస్తే సంగతేమిటో ఎత్తకముందే తెలిసిపోతుంది. అడిగే మనుషులు మారుతున్నారు కానీ ప్రశ్నలు మారడం లేదు. అందుకే వాటిని అడిగినవాళ్ల మాటల్లోనే ఒకచోట పెట్టాను. ఎవరికి కావలసింది వాళ్లు చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు. ఫీజులు, రుణాల నియమాలు ఇంగ్లాండువి. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో కొంత తేడా ఉంటుంది.

## ఆలోచన మొదలైనప్పుడు

ఈ గ్రాడ్యుయేట్ ఎంట్రీ అంటే ఏమిటి? మామూలు ఎంబీబీఎస్ కాదా?

చివర చేతికి వచ్చే పట్టా అదే, చదువు వేగం వేరు. పన్నెండో తరగతి నుంచి వచ్చేవాళ్లకు యూకేలో మెడిసిన్ ఐదేళ్లు, కొన్నిచోట్ల ఆరు. ఇదివరకే ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు నాలుగేళ్లు. ఆసుపత్రి శిక్షణను తగ్గించరు. మొదట్లో ఉండే తరగతి గది పాఠాలను కుదించి, వేసవి సెలవులకు కోత పెట్టి సర్దుతారు. వారిక్, స్వాన్సీ విశ్వవిద్యాలయాల్లో మెడిసిన్‌కు వచ్చేవాళ్లంతా డిగ్రీ అయినవాళ్లే. అల్‌స్టర్‌లో 2021లో, వూస్టర్‌లో 2023లో, సర్రే, చెస్టర్‌లలో 2024లో ఇలాంటి కోర్సులు మొదలయ్యాయి. మరికొన్ని విశ్వవిద్యాలయాలు ఐదేళ్ల కోర్సు పక్కనే నాలుగేళ్లది కూడా నడుపుతాయి. దరఖాస్తులో ఏ100 అనే కోడు ఎక్కువగా మామూలు కోర్సుది, ఏ101, ఏ102 గ్రాడ్యుయేట్ కోర్సువి. అయినా కోడు ఒక్కటే చూసి నొక్కకండి, కోర్సు పేరూ కాలవ్యవధీ చదవండి.

ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీటెక్. బయాలజీ పదో తరగతితో ఆగిపోయింది. నాకు దారి ఉందా?

ఉంది. వారిక్, స్వాన్సీ లాంటి చోట్ల ఏ సబ్జెక్టులో డిగ్రీ అయినా తీసుకుంటారు. కామర్స్, చరిత్ర చదివినవాళ్లు కూడా తరగతిలో కనిపిస్తారు. ఇంకొన్ని విశ్వవిద్యాలయాలు జీవశాస్త్రాలకు సంబంధించిన డిగ్రీనో, పన్నెండో తరగతి స్థాయి కెమిస్ట్రీనో తప్పనిసరి చేస్తాయి. ఇక్కడ మనవాళ్లకు ఒక మెలిక ఉంది. ఇంటర్ కెమిస్ట్రీని ఇక్కడి పన్నెండో తరగతి స్థాయి చదువు ఏ లెవెల్‌తో సమానంగా చూస్తారా లేదా అన్నది ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కోలా తేలుస్తుంది. సీబీఎస్ఈకి ఒక గీత, రాష్ట్ర బోర్డుకు ఇంకో గీత పెట్టేవాళ్లూ ఉన్నారు. అడ్మిషన్ల ఆఫీసుకు మీ మార్కుల మెమో జతచేసి మెయిల్ పెట్టండి, వచ్చిన జవాబును దాచుకోండి. ఫోనులో "పర్వాలేదనుకుంటాను" అన్న మాటను నమ్ముకుని ఏడాది పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆలస్యమైపోయిందా?

గరిష్ఠ వయసు అంటూ లేదు. అయితే లెక్క పెన్సిలుతో కాగితం మీద వేయండి. కోర్సు నాలుగేళ్లు, పట్టా వచ్చాక ఫౌండేషన్ అనే ఆసుపత్రి శిక్షణ రెండేళ్లు, ఆపైన జనరల్ ప్రాక్టీసు (జీపీ) శిక్షణ మూడేళ్లు. ఆసుపత్రి స్పెషాలిటీలయితే ఇంకా ఎక్కువ. దరఖాస్తుకు ఒకటి రెండేళ్లు పోయాయనుకుంటే 36లో మొదలుపెట్టినవాళ్లు జీపీ అయ్యేసరికి 46 దాటుతుంది. ఇందులో ఫౌండేషన్ నుంచి జీతం వస్తుంది కాబట్టి సంపాదన లేని కాలం నాలుగేళ్లే. అసలు ఇబ్బంది వయసుతో కాదు, ప్లేస్‌మెంట్లతో. ఇంటినుంచి గంటన్నర దూరంలోని ఆసుపత్రిలో ఉదయం ఏడున్నరకు ఉండాలంటే పిల్లల్ని బడికి ఎవరు దింపుతారు? ఈ ఒక్క ప్రశ్నకు ఇంట్లో జవాబు దొరికితే తక్కినవన్నీ సర్దుకుంటాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్తే "ఈ వయసులో మళ్లీ చదువా" అనే పెద్దమ్మలు ఎలాగూ ఉంటారు. వాళ్ల కోసం ఏ జవాబూ తయారు చేసుకోనక్కర లేదు.

ఇండియాలోనే డిగ్రీ మీద నాలుగేళ్ల ఎంబీబీఎస్ చేసే వీలు లేదా?

లేదు. అక్కడ డిగ్రీ ఉన్నా లేకపోయినా నీట్ రాసి, నాలుగున్నరేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాల్సిందే. అయితే నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసేశారు. ఎంపీసీ వాళ్లు ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి నీట్‌కు కూర్చునే వీలును జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ఇచ్చింది. విజయవాడ లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చోగలిగితే అదీ ఒక దారే.

యూకేలో నాలుగేళ్లలో చదివేసి హైదరాబాదు వచ్చి ప్రాక్టీసు పెట్టుకోవచ్చా?

ఈ ప్రశ్న అందరికంటే ముందు అడగాల్సింది, అందరూ చివర అడుగుతారు. విదేశీ వైద్య పట్టాలపై జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నియమాల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, దానిమీద అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. నాలుగేళ్లంటే 48 నెలలు. ఆ గీత దగ్గరే ఆగిపోతాం. పైగా విదేశంలో వైద్యం చదివి తిరిగొచ్చే భారత పౌరులు నీట్ అర్హత కూడా సాధించి ఉండాలి. అమ్మానాన్నల కోసం ఏనాటికైనా వెనక్కి వెళ్లే ఆలోచన గట్టిగా ఉంటే, ఈ కోర్సులో చేరకముందే కమిషన్‌కు రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఏజెంటు చెప్పే "అప్పటికి రూల్స్ మారిపోతాయి" అన్నది సమాధానం కాదు.

## డబ్బు, వీసా

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐదేళ్లుగా పన్నులు కడుతున్నాను. హోమ్ ఫీజు ఇవ్వరా?

పన్నుకూ, స్థానిక విద్యార్థులకిచ్చే తక్కువ ఫీజు అయిన హోమ్ ఫీజుకూ సంబంధం లేదు. కోర్సు మొదలయ్యే నాటికి మీకు యూకేలో శాశ్వత నివాస హక్కు (ఐఎల్ఆర్ లాంటిది) ఉండాలి, అంతకుముందు మూడేళ్లు ఇక్కడే నివసించి ఉండాలి, ఆ మూడేళ్లూ ప్రధానంగా ఫుల్‌టైం చదువు కోసమే ఉన్నవి కాకూడదు. సాధారణంగా వర్తించే నియమం ఇది. వర్క్ వీసా ఒక్కటే ఉంటే విదేశీ విద్యార్థి కిందే లెక్క. ఐఎల్ఆర్ రావడానికి ఎనిమిది నెలలే ఉందనుకోండి, తొందరపడి ఈ ఏడాదే దరఖాస్తు పెట్టేకన్నా ఆగడమే తెలివి. ఒక ఏడాది ఆలస్యం ఖరీదు కొన్ని నెలల బెంగ. తొందర ఖరీదు లక్షన్నర పౌండ్లు.

హోమ్ విద్యార్థినే అనుకోండి. నాలుగేళ్ల ఖర్చు ఎవరు పెడతారు?

2025–26లో ఇంగ్లాండులో ఏడాది ఫీజు 9,535 పౌండ్లు. నాలుగేళ్ల గ్రాడ్యుయేట్ కోర్సుకు ప్రత్యేక ఏర్పాటు ఉంది. మొదటి ఏడాది 3,465 పౌండ్లు మీరు చేతినుంచి కట్టాలి, తక్కినదానికి ప్రభుత్వ ఫీజు రుణం వస్తుంది. రెండో ఏడాది నుంచి ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ (ప్రభుత్వ ఆరోగ్య సేవ ఇచ్చే చదువు సాయం) 3,715 పౌండ్లు కడుతుంది, మిగతాది మళ్లీ రుణం. ఇంటి ఖర్చుకు నిర్వహణ రుణం ఉంటుంది కానీ రెండో ఏడాది నుంచి అది తగ్గుతుంది. దాని బదులు వెయ్యి పౌండ్ల గ్రాంటు, ఇంటి ఆదాయాన్ని బట్టి బర్సరీ ఇస్తారు. భార్యో భర్తో బాగా సంపాదిస్తుంటే ఆదాయాన్ని బట్టి వచ్చేది దాదాపు రాదనే అనుకుని లెక్క వేసుకోండి. అద్దె, పిల్లల సంరక్షణ, పాత కారు పెట్రోలు ఈ మూడే మమ్మల్ని తినేశాయి, పుస్తకాలు కాదు.

నాలుగేళ్లదానికి రాకపోతే ఐదేళ్ల కోర్సులో చేరవచ్చా?

చేరవచ్చు, చాలా విశ్వవిద్యాలయాలు డిగ్రీ అయినవాళ్లను అందులోకి కూడా తీసుకుంటాయి. డబ్బు దగ్గరే తేడా. మీకు ఇప్పటికే డిగ్రీ ఉంది కాబట్టి ఐదేళ్ల కోర్సులో మొదటి నాలుగేళ్లకు ఫీజు రుణం ఇవ్వరు. 2025–26 ధరతో వేస్తే 38 వేల పౌండ్లకు పైగా సొంతంగా కట్టాలి. ఐదో ఏడాది ఫీజు ఎన్‌హెచ్‌ఎస్ భరిస్తుంది. "నా బీటెక్ ఇండియాలో చేశాను, ఇక్కడ పైసా రుణం తీసుకోలేదు కదా" అని చాలామంది వాదిస్తారు. నాన్నగారు కట్టిన ఫీజుతో చదివినా, ఏ దేశంలో చదివినా డిగ్రీ డిగ్రీయే.

వరంగల్‌లో ఉన్నాను. ఇక్కడినుంచి నేరుగా దరఖాస్తు చేయవచ్చా?

చేయవచ్చు కానీ తలుపులు తక్కువ. గ్రాడ్యుయేట్ కోర్సుల్లో చాలావరకు హోమ్ విద్యార్థులకే. విదేశీ విద్యార్థులను తీసుకునే చోట కూడా సీట్లకు పరిమితి ఉంటుంది. ఫీజు ఏడాదికి 40 వేల పౌండ్లు దాటే చోట్లు చాలా ఉన్నాయి, ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ ఉండదు, స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. పొలం అమ్మి పంపే కుటుంబాలు ఉన్నాయని తెలుసు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: తిరిగి ఇండియాలో ప్రాక్టీసుకు అడ్డు ఉన్న నాలుగేళ్ల కోర్సుకు ఆస్తి అమ్మవద్దు.

## ప్రవేశ పరీక్షలు

యూక్యాట్ రాయాలా, గామ్‌శాట్ రాయాలా?

మీరు వెళ్లదలచిన చోటు ఏది అడుగుతుందో అది. వారిక్ యూక్యాట్ చూస్తుంది. స్వాన్సీ, అల్‌స్టర్ గామ్‌శాట్ వైపు. బీమ్యాట్ అనే పరీక్ష 2023తో ముగిసిపోయింది, ఎవరైనా ఆ పుస్తకాలు అమ్మజూపితే కొనకండి. రెండిటి స్వభావం వేరు. యూక్యాట్ రెండు గంటల పరుగు, చదివి రాసేది కాదు, వేగం. గామ్‌శాట్ మొత్తం ఐదు గంటలకు పైగా పట్టే పరీక్ష, దానిలో సైన్సు, వ్యాసాలు ఉంటాయి. నిదానంగా ఆలోచించేవాళ్లకు గామ్‌శాట్, లెక్కలు చకచకా చేసి ముందుకు పోగలవాళ్లకు యూక్యాట్ నప్పుతాయి. వీలుంటే రెండూ రాయండి, ఎంచుకోవడానికి చోట్లు పెరుగుతాయి.

యూక్యాట్‌లో ఏముంటుంది? ఎన్నాళ్లు చదవాలి?

2025 నుంచి ఆకారాల వరసలు గుర్తుపట్టే భాగం తీసేశారు. ఇప్పుడు వెర్బల్ రీజనింగ్ 22 నిమిషాల్లో 44 ప్రశ్నలు, డెసిషన్ మేకింగ్ 37 నిమిషాల్లో 35, క్వాంటిటేటివ్ 26 నిమిషాల్లో 36, సిచువేషనల్ జడ్జిమెంట్ 26 నిమిషాల్లో 69. మొదటి మూడూ కలిపి 900 నుంచి 2700 మధ్య మార్కు, చివరిదానికి ఒకటి నుంచి నాలుగు వరకు బ్యాండు. నాలుగో బ్యాండు వస్తే చాలాచోట్ల దరఖాస్తు తెరవనైనా తెరవరు.

వెర్బల్‌లో ప్రశ్నకు అర నిమిషం. తెలుగు మీడియంలో పెరిగిన నేను పేరా మొత్తం చదివి అర్థం చేసుకుని జవాబు పెట్టే అలవాటు మానడానికే నెల పట్టింది. ముందు ప్రశ్న చూసి, అందులోని ఒక పేరునో సంవత్సరాన్నో పట్టుకుని, పేరాలో దాన్ని వెతకాలి. క్యాలిక్యులేటర్ తెర మీద ఉంటుంది, మౌస్‌తో నొక్కితే సమయం కరిగిపోతుంది. కీబోర్డు కుడివైపు అంకెల వరసతో కొట్టడం ఇంట్లోనే నేర్చుకోండి. రాసుకోవడానికి ప్లాస్టిక్ పూత వేసిన కాగితాలు, మార్కర్ పెన్ను ఇస్తారు. నా మార్కర్ మూడో ప్రశ్నకే ఎండిపోయింది. చెయ్యెత్తి ఇంకొకటి తెప్పించుకునేలోగా రెండు ప్రశ్నలు పోయాయి. కూర్చోగానే గీత గీసి చూసుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు రోజుకు రెండు గంటలు, చివరి రెండు వారాలు పూర్తి నమూనా పరీక్షలు, ఉద్యోగం చేసేవాళ్లకు ఇది చాలు.

యూక్యాట్ పాడైంది. మళ్లీ రాయవచ్చా?

అదే ఏడాది కుదరదు. జూలై నుంచి సెప్టెంబరు చివరి వారం దాకా సాగే గడువులో ఒక్కసారే. మార్కు కూడా ఆ ఏడాది దరఖాస్తుకే చెల్లుతుంది. ఒంట్లో బాగాలేకపోతే పరీక్షకు కూర్చోకముందే తేదీ మార్చుకోండి. కూర్చున్నారంటే రాయగల స్థితిలో ఉన్నట్టే లెక్క.

గామ్‌శాట్‌కు సైన్సు ఎంత రావాలి? వ్యాసాలంటే భయం.

ఏటా రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో ఉంటుంది. మూడు భాగాలు: మానవీయ శాస్త్రాల గద్యం, పద్యం, కార్టూన్లు చదివి 62 ప్రశ్నలు. 65 నిమిషాల్లో రెండు వ్యాసాలు. చివర 75 సైన్సు ప్రశ్నలు. ఈ మూడోదానిలో కెమిస్ట్రీ 40 శాతం, బయాలజీ 40, ఫిజిక్స్ 20. మొత్తం మార్కులో సైన్సు భాగానికి రెట్టింపు విలువ ఇచ్చి సగటు కట్టడం మామూలు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇంటర్‌లో శ్రద్ధగా చదివినవాళ్లకు అది ఇప్పటికీ తోడు నిలుస్తుంది.

వ్యాసాలకు నా చిట్కా ఒక్కటే: ఇచ్చిన సూక్తుల్లోంచి ఒక ప్రశ్న మీరే తయారు చేసుకుని, దానికి ఒక నిజమైన మనిషి కథతో జవాబు చెప్పండి. ఊళ్లో చెరువు పూడిపోయిన సంగతి, తాత పట్టా పుస్తకం గొడవ కూడా వ్యాసానికి పనికొస్తాయి. దిద్దేవాళ్లు గాంధీ, మండేలా మీద వందల వ్యాసాలు చదివి ఉంటారు.

## కాలేజీలు ఎంచుకోవడం

నాలుగు కాలేజీలు ఎలా ఎంచుకోవాలి? పెద్ద పేరున్నవి పెట్టాలా?

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇదే. ర్యాంకింగ్ పట్టిక తెరిచి పైనుంచి కిందికి నాలుగు పేర్లు దింపాను. నాలుగు చోట్లా ఇంటర్వ్యూకైనా పిలుపు రాలేదు. ఎంసెట్ రోజుల నుంచి మన బుర్రలో ఒక పద్ధతి నాటుకుపోయింది: ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు, మంచి ర్యాంకు వస్తే మంచి కాలేజీ. ఇక్కడ అలా నడవదు. నాలుగు మెడికల్ స్కూళ్లు మీ నాలుగు వేర్వేరు ముఖాలు చూస్తాయి. ఒకటి యూక్యాట్ మొత్తం మార్కును చూస్తుంది, ఒకటి అందులో వెర్బల్‌కు ప్రత్యేకంగా గీత పెడుతుంది, మరొకటి గామ్‌శాట్ తప్ప ఇంకేదీ పట్టించుకోదు, వేరొకటి పదో తరగతి మార్కుల దాకా తవ్వుతుంది.

రెండో ఏడాది తిరగేసి చేశాను. వంటింటి గోడకు ఒక చార్టు అంటించాను. అడ్డంగా నా బలాలు, బలహీనతలు: క్వాంటిటేటివ్ బాగుంది, వెర్బల్ సగటు, డిగ్రీలో ఫస్టు క్లాసు, వార్డు అనుభవం ఎక్కువ. నిలువుగా ప్రతి స్కూలూ ఆ ఏడాది ప్రచురించిన ఎంపిక పద్ధతి, అంతకుముందు ఏడాది కటాఫ్. వెర్బల్‌కు గీత ఉన్న చోటును మనసుకు నచ్చినా కొట్టేశాను. మిగిలినవాటిలో నాలుగు. మూడు పిలుపులు వచ్చాయి. మార్కులు అంతకుముందు ఏడాదికన్నా పెద్దగా పెరగలేదు.

బీటెక్‌లో 58 శాతమే. ఇక ఆశ వదులుకోవాలా?

ఎక్కువ చోట్ల ఇక్కడి డిగ్రీ శ్రేణుల్లో ఫస్టు క్లాసు తర్వాతిదైన 2:1 ఆనర్స్‌కు సమానమైనది అడుగుతారు. భారతీయ డిగ్రీకి దాన్ని 60 శాతం ప్రాంతంలో లెక్కించడం మామూలే కానీ గీత విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. డిగ్రీలో తగ్గినా మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ ఉంటే ఒప్పుకునే చోట్లు ఉన్నాయి. మీలో చాలామంది ఇక్కడ ఎమ్మెస్సీ చేసే వచ్చారు కదా, ఆ పట్టాను అటక మీదినుంచి దింపండి. సీజీపీఏను శాతంగా మార్చే పత్రం విశ్వవిద్యాలయం నుంచే తీసుకోవాలి, సొంత లెక్క చెల్లదు. దానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఊరికి వెళ్లినప్పుడే పని ముగించుకోండి.

ఐదో ఛాయిస్‌లో ఏం పెట్టాలి?

యూకే విశ్వవిద్యాలయాల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ యూకాస్‌లో ఐదు పెట్టవచ్చు, మెడిసిన్‌కు నాలుగే. ఐదోది ఖాళీగా వదిలినా నష్టం లేదు. వస్తే నిజంగా చేరతానన్న కోర్సు ఉంటేనే పెట్టండి.

## అనుభవం, దరఖాస్తు రాత

ఎన్ని గంటల అనుభవం కావాలి? ఆసుపత్రిలో డాక్టరు పక్కన నిలబడితే సరిపోతుందా?

గంటల లెక్క అడిగే స్కూళ్లు తమ పేజీలో రాస్తాయి. అడగనిచోట కూడా డాక్టరు వెనక వారం తిరగడం కన్నా, ఆరు నెలలపాటు శనివారాలు కేర్ హోంలో పని చేయడమే ఎక్కువ పలుకుతుంది. హెల్త్‌కేర్ అసిస్టెంటు ఉద్యోగం, సెయింట్ జాన్ అంబులెన్స్ అనే ప్రథమ చికిత్స సంస్థలో సేవ కూడా మంచివే.

నేను చేసిన కేర్ హోంలో ఒక పెద్దావిడ మధ్యాహ్నం భోజనం ముట్టేది కాదు. చెంచా దగ్గరకు తెస్తే మొహం తిప్పుకునేది. "ఆకలి లేదు" అని చార్టులో రాసి మూడు రోజులు గడిపాం. నాలుగో రోజు గ్లాసులో నీళ్లు మారుస్తుంటే ఆవిడ కట్టుడు పళ్లు అందులోనే కనిపించాయి. ఉదయం షిఫ్టు మారేటప్పుడు ఎవరూ పెట్టడం లేదు. పళ్లు పెట్టగానే ఆవిడ గిన్నె ఖాళీ చేసింది. ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఇదొక్కటే, వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరిగాయి. రోజూ ఇంటికి రాగానే రెండు వాక్యాలు రాసుకోండి. రోగుల పేర్లు మాత్రం ఎక్కడా రాయవద్దు.

పదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఆ అనుభవం దండగేనా?

దండగ కాదు, కానీ "జట్టుగా పని చేశాను, నాయకత్వం వహించాను" అంటే ఎవరికీ పట్టదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు తప్పు మీదేనని మేనేజరుకు చెప్పిన రోజు ఉందా? అది చెప్పండి. తప్పు ఒప్పుకోగలవాడా కాదా అన్నదే వైద్యంలో మొదటి పరీక్ష.

పర్సనల్ స్టేట్‌మెంట్ ఎలా రాయాలి?

2026 ప్రవేశాల నుంచి ఒకే పొడుగు వ్యాసం పోయి మూడు ప్రశ్నలు వచ్చాయి. ఈ కోర్సే ఎందుకు? మీ చదువు మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది? చదువు బయట ఏం చేశారు, అది ఎలా ఉపయోగం? మొత్తం కలిపి 4,000 అక్షరాలు, ఖాళీలతో సహా. ఒక్కోదానికి కనీసం 350. చిన్నప్పుడు నానమ్మకు గుండెపోటు వచ్చింది అనే ప్రారంభాన్ని కొట్టేయండి. అది నిజమే అయినా, పెద్దయ్యాక మీరు చేస్తున్న పనిలో డాక్టరు కావాలనిపించిన ఒక రోజును చెప్పడం మేలు. నర్సో ఫార్మసిస్టో అయితే "ఇప్పుడున్న వృత్తి ఎందుకు చాలదు" అన్నదానికి, ఆ వృత్తిని తక్కువ చేయకుండా జవాబు ఉండాలి. కృత్రిమ మేధతో రాయించుకున్న పేరాలు నా దగ్గరికి వస్తుంటాయి. అన్నీ ఒకే మనిషి రాసినట్టు ఉంటాయి.

గడువు ఎప్పుడు? చివరి రోజు పంపితే ఫరవాలేదా?

అక్టోబరు 15, యూకే సమయం సాయంత్రం ఆరు. ఆ గంట దాటితే ఇక వచ్చే ఏడాదే. మీరు నింపితే సరిపోదు, మీ గురించి ఇంకొకరు రాసే రిఫరెన్సు కూడా చేరి ఉండాలి. డిగ్రీ అయి చాలా కాలమైతే పై అధికారితో రాయించవచ్చా అని ముందే అడగండి. ఇండియాలోని ప్రొఫెసరుగారే రాయాలంటే ఆగస్టులోనే నమస్కారం పెట్టండి. దసరా సెలవుల్లో ఆయన మెయిల్ తెరవరు.

## ఇంటర్వ్యూ

ఎంఎంఐ అంటే ఏమిటి? మామూలు ఇంటర్వ్యూ లాంటిదేనా?

కాదు. మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, అంటే వరసగా కొన్ని గదులు లేదా బల్లలు, ఒక్కోచోట ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. తలుపు మీద ప్రశ్న, చదవడానికి నిమిషమో అంతకన్నా తక్కువో. గంట మోగగానే లోపలికి, మళ్లీ మోగగానే బయటికి. ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి మధ్య జరుగుతాయి.

నాకు వచ్చిన ఒక గదిలో ఒక నటి కూర్చుని ఉంది, సహోద్యోగి పాత్ర. మందు మోతాదు తప్పు ఇచ్చానని ఏడుస్తోంది. ఫార్మసిస్టును కదా, వెంటనే ఏ ఫారం నింపాలో, ఎవరికి చెప్పాలో గడగడా వివరించాను. ఆమె తలెత్తి "మీరు నా మాట వింటున్నారా?" అంది. గొంతు తడారిపోయింది. కుర్చీ కాస్త దగ్గరకు జరిపి, నోరు మూసుకుని కూర్చున్నాను. అర నిమిషం తర్వాత ఆమే చెప్పడం మొదలుపెట్టింది. రోగి ఇప్పుడు క్షేమంగా ఉన్నారా అని అప్పుడు అడిగాను, ఇద్దరం కలిసి వార్డు సీనియర్‌కు చెబుదామన్నాను. ఆ గది పోయిందనుకున్నాను. పోలేదు.

నైతిక ప్రశ్నలకు ఏం చదవాలి?

రోగి స్వేచ్ఛ, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాలు అందరూ బట్టీ పడతారు. వాటి పేర్లు వల్లించడం వల్ల మార్కులు రావు. యూకే డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ వారి 'గుడ్ మెడికల్ ప్రాక్టీస్' చిన్న పత్రం, 2024 జనవరి నుంచి కొత్త పాఠం అమల్లో ఉంది, చదవండి. తర్వాత మన ఇళ్లలోంచే ఒక సందర్భం తీసుకోండి: నాన్నకు క్యాన్సర్ అని ఆయనకు చెప్పవద్దని కొడుకులు డాక్టరును బతిమాలుతారు. మనకు అది ప్రేమ. ఇక్కడి పద్ధతిలో రోగికి తెలుసుకునే హక్కు ముందు. ఈ రెండిటి మధ్య నిలబడి ఇంట్లో ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడి చూడండి.

నా ఇంగ్లీషులో తెలుగు యాస ఉంది. మార్కులు తగ్గుతాయా?

యాసకు తగ్గవు, వేగానికి తగ్గుతాయి. కంగారులో మనం వాక్యాన్ని మింగేస్తాం. నిదానించండి. ఐఈఎల్‌టీఎస్ సంగతి వేరు, ఇండియాలో డిగ్రీ చేసినవాళ్లను ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నా అడిగే చోట్లు ఉన్నాయి. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది.

## ఫలితం వచ్చాక

ఆఫర్ వచ్చింది. ఇక నిశ్చింతేనా?

ఇంకా కాగితాలున్నాయి. నేర చరిత్ర తనిఖీ, హెపటైటిస్ బి సహా టీకాల రుజువు, ఆరోగ్య ప్రకటన. ఇండియాలో కొంతకాలం ఉన్నవాళ్లను అక్కడి పోలీసు క్లియరెన్సు అడగవచ్చు. చిన్నప్పటి టీకాల కార్డు దొరకకపోతే రక్తపరీక్షతో తేలుతుంది, అమ్మను బీరువాలన్నీ వెతికించకండి. పాత ట్రాఫిక్ కేసో, కాలేజీ క్రమశిక్షణ చర్యో ఉంటే దాచవద్దు. ఉన్నదానికన్నా దాచినదానికే శిక్ష పెద్దది.

నాలుగు చోట్లా తిరస్కరించారు. ఏం చేయాలి?

ముందు ఎక్కడ ఆగారో చూడండి. ఇంటర్వ్యూకే పిలవలేదంటే ఎక్కువగా పరీక్ష మార్కు లేదా స్కూళ్ల ఎంపిక లోపం. ఇంటర్వ్యూ తర్వాత ఆగితే మార్కులు సరిపోయాయి, మాట్లాడడం మీద పని చేయాలి. స్కోరు వివరాలు అడిగితే కొన్నిచోట్ల ఇస్తారు. మళ్లీ దరఖాస్తు చేసేవాళ్లను వద్దనే చోట్లు కొన్ని ఉన్నాయి, ఆ నియమం చూసుకోండి. మూడోసారి కూడా రాకపోతే? డాక్టర్ల పర్యవేక్షణలో పని చేసే ఫిజీషియన్ అసోసియేటు కోర్సో ఇంకో కోర్సో చేయమని సలహా ఇవ్వను. చేస్తున్న పనిలో ముందుకు వెళ్లడం కూడా గౌరవమైన దారే అని మాత్రం అంటాను.

చదువు అయ్యాక ఉద్యోగం ఎక్కడ వస్తుంది? కోరుకున్న ఊళ్లో ఉండవచ్చా?

చివరి ఏడాదిలో వైద్య లైసెన్సింగ్ పరీక్ష పాసవ్వాలి, 2024–25 బ్యాచ్ నుంచి అందరికీ తప్పనిసరి. ఆపైన రెండేళ్ల ఫౌండేషన్, మొదటి ఏడాది ముగిశాక పూర్తి రిజిస్ట్రేషన్. 2024 నుంచి ఫౌండేషన్ పోస్టుల కేటాయింపు మార్కులతో కాకుండా కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఇచ్చే ర్యాంకుతో జరుగుతోంది. టాపర్ అయినా లీసెస్టర్‌లో ఇల్లు ఉంటే లీసెస్టర్‌లోనే పోస్టు అని హామీ లేదు. పిల్లల సంరక్షణ లాంటి కారణాలుంటే ముందుగానే ప్రత్యేక పరిగణన కోరవచ్చు.

ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఎప్పుడు ఇవ్వాలి?

ఆఫర్‌లో షరతులన్నీ తీరాయన్న మెయిల్, రుణం మంజూరైన ఉత్తరం రెండూ చేతికి వచ్చాక. నోటీసు మూడు నెలలయితే మే చివరికల్లా తేలాలి, కాబట్టి పోలీసు కాగితం, టీకాల రుజువు ఏప్రిల్‌లోనే పంపేయండి. వీలైతే పాత చోట అవసరమైనప్పుడు పిలిచే 'బ్యాంకు' షిఫ్టులకు పేరు ఉంచుకోండి. నేను ఇప్పటికీ నెలకు రెండు శనివారాలు ఫార్మసీకి వెళ్తున్నాను.